నాణెం స్థితిని అంచనా వేయడం ఎలా? కొత్తగా సేకరించేవారికి సమగ్ర మార్గదర్శి

ఒకే ఏడాది, ఒకే టంకశాలలో తయారైన రెండు నాణేల్లో ఒకదాని విలువ రెండోదానికి పదింతలు, ఒక్కోసారి వందింతలు ఉంటుంది. తేడా అంతా స్థితిలోనే. కొత్తవాళ్లు స్థితి అనగానే తళతళ చూస్తారు. మెరిసేది మంచిది, మసకబారింది నాసి అనుకుంటారు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఎవరో తోమి మెరిపించిన నాణెం కంటే, దశాబ్దాల మసక రంగుతో చెక్కుచెదరకుండా ఉన్న నాణెం ఎన్నో రెట్లు మేలు.

నాణెం మీద కనిపించే ప్రతి గీత, గుంట, మచ్చ గురించి ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న: ఇది టంకశాలలో ఉండగానే వచ్చిందా, బయటికొచ్చాక వచ్చిందా? బయటికొచ్చాకే అయితే, చేతులు మారుతూ సహజంగా వచ్చిందా, ఎవరైనా కావాలని చేసిందా? ఈ మూడింటినీ విడదీసి చూడటం అలవాటైతే గ్రేడింగ్‌లో, అంటే స్థితికి అంకె వేయడంలో, ముప్పాతిక భాగం వచ్చినట్టే. కింద చెప్పే అడుగులన్నీ ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

## ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది వెలుగు. మెడ వంగే టేబుల్ ల్యాంపులో ఒకే ఒక్క బల్బు పెట్టుకోండి: 75 నుంచి 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు, లేదా అంతే వెలుగిచ్చే పసుపు ఛాయ ఎల్‌ఈడీ. బల్బుకూ నాణేనికీ మధ్య అడుగు దూరం చాలు. గదిలో మిగతా దీపాలు ఆర్పేయండి. ట్యూబ్‌లైటు వెలుగు నాణెమంతా ఒకేలా పరుచుకుంటుంది కాబట్టి సన్నటి గీతలు దాక్కుంటాయి, అసలు మెరుపు కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజు కిటికీ వెలుగుతోనూ ఇదే చిక్కు.

భూతద్దం 5 రెట్లదొకటి, 10 రెట్లదొకటి ఉండాలి. గ్రేడ్ తేల్చేది 5 రెట్లతోనే. 10 రెట్లది నకిలీలు, దిద్దుబాట్లు పట్టుకోవడానికి. అంతకు మించిన పెద్ద భూతద్దంలో ఎంత మంచి నాణెమైనా గీతలమయంగా కనిపించి, మీరు దానికి అన్యాయం చేస్తారు. భూతద్దాన్ని కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, నాణేన్నే దాని దగ్గరికి తెచ్చుకోవాలి.

వీటితోపాటు 0.01 గ్రాము వరకు చూపే డిజిటల్ తూకం, ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్, చిన్న నియోడిమియం అయస్కాంతం, బల్ల మీద పరిచేందుకు మందపాటి మెత్తని గుడ్డ ఉంటే చాలు. ఉక్కు కాలిపర్ వద్దు, దాని దవడలు నాణెం అంచుకు గాటు పెడతాయి.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. నాణేన్ని ఎప్పుడూ బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచు పట్టుకునే ఎత్తాలి, గుడ్డ పైనే పట్టుకుని చూడాలి. వేలిముద్రలోని నూనె, ఉప్పు కొన్ని నెలల్లో లోహంలోకి దిగిపోతాయి. ఆ తర్వాత ఏం చేసినా ఆ ముద్ర పోదు. నూలు గ్లవ్స్ జారుతాయి. గ్లవ్స్ కావాలనుకుంటే పౌడర్ లేని నైట్రైల్‌వి వాడండి. ఇంకో మాట: నాణెం మీదికి వంగి మాట్లాడకండి. కంటికి కనిపించని తుంపర పడితే చాలు, కొంతకాలానికి అక్కడ నల్లటి చుక్క తేలుతుంది. పాత రాగి, వెండి నాణేల మీద కనిపించే చుక్కల్లో కొన్నిటికి మూలం అదే.

## మొదటి అడుగు: భూతద్దం లేకుండా చూడటం

భూతద్దం తీయాలని ఎంత ఆత్రంగా ఉన్నా ఆగండి. ముందు చేయి చాపినంత దూరంలో నాణెం మొత్తాన్ని ఒక్క చూపులో చూడండి. రంగు అంతటా సహజంగా ఉందా? ఏదైనా ఒక్క చోటే కన్ను పదేపదే ఆగిపోతోందా? ఆ చోటును గుర్తు పెట్టుకోండి. అనుభవజ్ఞులు కూడా నాణెంలో ఏదో తేడా ఉందని ముందు ఈ చూపులోనే పసిగడతారు. కారణం వెతకడానికే తర్వాత భూతద్దం తీస్తారు.

ఇప్పుడు నాణేన్ని దీపం కింద 30 నుంచి 45 డిగ్రీలు వంచి, అంచు పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. వాడకంలోకి వెళ్లని నాణెం మీద రెండు వెలుగుపట్టీలు మధ్య నుంచి అంచుదాకా సాగి, మీరు తిప్పుతుంటే బండిచక్రపు ఆకుల్లా తిరుగుతాయి. సేకర్తలు లస్టర్ అనేది దీన్నే. ఇది నునుపు వల్ల వచ్చే మెరుపు కాదు. అచ్చు దెబ్బకు లోహం మధ్య నుంచి అంచువైపు పారినప్పుడు కంటికి ఆనని సన్నటి చాళ్లు ఏర్పడతాయి. వెలుగు వాటి మీద పడి అలా తిరిగి వస్తుంది. ఆ చాళ్లు ఒక్కసారి అరిగినా, ఆమ్లంలో కరిగినా మళ్లీ రావు. పాలిష్ చేసిన నాణెం అద్దంలా మెరుస్తుంది కానీ దాని మీద ఆ వెలుగుపట్టీలు తిరగవు. మెరుపుకూ లస్టర్‌కూ ఉన్న ఈ తేడా కంటికి పట్టుబడేదాకా, ఈమధ్యే విడుదలైన కొత్త చిల్లర నాణెం ఒకటి, బాగా వాడిన చిల్లర ఒకటి తీసుకుని దీపం కింద తిప్పుతూ సాధన చేయండి. ఖర్చు లేని ఈ సాధన ఎంత చేస్తే అంత మంచిది.

బొమ్మ వైపు, బొరుసు వైపు రెండూ ఇలాగే చూడాలి. రెండూ ఒకే స్థితిలో లేకపోతే, సాధారణంగా బొమ్మ వైపుకే ఎక్కువ బరువిచ్చి గ్రేడ్ తేలుస్తారు. కానీ బొరుసు మరీ నాసిగా ఉంటే అది మొత్తం గ్రేడ్‌ను కిందికి లాగేస్తుంది.

## రెండో అడుగు: అరుగుదల వెతకడం

అరుగుదల ఎప్పుడూ ఎత్తైన చోట్లే మొదలవుతుంది. అందుకే మీరు సేకరించే ప్రతి రకం నాణేనికీ ఎత్తైన బిందువులు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి. బొమ్మ మనిషి ముఖమైతే చెంప ఎముక, దవడ, చెవి మీది జుట్టు, కనుబొమ. పక్షి అయితే రొమ్ము, రెక్కల పైభాగం. కిరీటముంటే దాని ముందుభాగం. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో తయారైన అమెరికా మోర్గాన్ డాలర్ మీద ముందుగా అరిగేవి కంటి పైనా చెవి పైనా ఉన్న జుట్టు, బొరుసు మీది గద్ద రొమ్ము. 1913–1938 నాటి బఫెలో నికెల్ (అమెరికా 5 సెంట్ల నాణెం) మీద ఏడాది అంకెలే ఎత్తైన చోట ఉన్నాయి. అందుకే బొమ్మ బాగానే ఉండి ఏడాది పూర్తిగా చెరిగిపోయినవి ఆ రకంలో కోకొల్లలు.

చూడాల్సింది రెండు విషయాలు. మొదటిది రంగు మార్పు: అరుగుదల మొదలైన చోట లస్టర్ తెగిపోయి, వెండి మీద బూడిదరంగులోనూ రాగి మీద ముదురు గోధుమరంగులోనూ చిన్న మచ్చ కనిపిస్తుంది. వెలుగుపట్టీ తిరుగుతూ వచ్చి ఆ మచ్చ దగ్గర ఆగిపోతుంది. రెండోది వివరాల లోపం: జుట్టు పాయలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం, ఈకలు చదునైపోవడం, అక్షరాలు అంచులో కలిసిపోవడం. కొద్దిపాటి అరుగుదలకు మొదటి గుర్తే ఆధారం. రెండోది కనిపించేసరికి నాణెం చాలా చేతులు మారి ఉంటుంది.

బాగా అరిగిన నాణెం మీద మాత్రం ఎత్తైన చోట్లు వదిలేసి, రక్షణ ఉన్న మూలలు చూడండి: 8, 0 అంకెల లోపలి గుండ్రాలు, పక్కపక్క అక్షరాల మధ్య సందులు, బొమ్మ అంచు నేలను (బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగాన్ని) తాకే మలుపు. వేళ్లు, గుడ్డలు చేరలేని ఈ చోట్లలో అసలు ఉపరితలం ఇంకా మిగిలి ఉంటుంది. నాణెం మొదట ఎలా ఉండేదో, దానికి ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం అక్కడే దొరుకుతుంది.

## అరుగుదలా, ముద్ర సరిగా పడలేదా?

కొత్తవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది ఇదే, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు నిలవాలి. అచ్చులు చాలినంత బలంగా పడకపోయినా, రెండు అచ్చుల మధ్య దూరం ఎక్కువైనా, లోహం అచ్చులోని లోతైన గుంటల్లోకి పూర్తిగా పారదు. ఆ గుంటలే నాణెం మీద ఎత్తైన బిందువులు. అంటే అరుగుదల, బలహీనమైన ముద్ర రెండూ సరిగ్గా ఒకే చోట దెబ్బ తీస్తాయి. న్యూ ఆర్లీన్స్ టంకశాల మోర్గాన్ డాలర్లలో చాలావాటికి చెవి మీది జుట్టు చదునుగా ఉంటుంది. అవి ఒక్క చేయి కూడా మారకుండా సంచుల్లోనే ఉన్నవైనా సరే.

తేడా పట్టుకునే పద్ధతి:

1. చదునుగా ఉన్న చోటు మీదికి వెలుగుపట్టీని తీసుకురండి. పట్టీ తెగకుండా దాని మీదుగా సాగిపోతే అది బలహీనమైన ముద్ర. ఆ చోట మసకబారి ఆగిపోతే అరుగుదల.
2. 10 రెట్ల భూతద్దంతో ఆ చోటే చూడండి. ముద్ర పడని చోట, ముద్రకు ముందు ఖాళీ బిళ్ల మీద ఉన్న సన్నటి గరుకు, చిన్న గుంటలు అలాగే మిగిలి ఉంటాయి. అరిగిన చోటు నున్నగా ఉంటుంది.
3. బొరుసు వైపు సరిగ్గా దాని వెనకున్న చోటు చూడండి. ముద్ర లోపమైతే చాలాసార్లు అటువైపు కూడా చదునుగానే ఉంటుంది, ఎందుకంటే రెండువైపుల లోతైన గుంటలూ ఒకే లోహం కోసం పోటీ పడతాయి.
4. మిగతా ఎత్తైన బిందువులతో పోల్చండి. జుట్టు చదునై చెంప మాత్రం లస్టర్‌తో నిండుగా ఉంటే, అరుగుదల అనుకోవడానికి వీల్లేదు. అరుగుదల ఒక్క బిందువును ఎంచుకుని అరగదియ్యదు.

టంకశాలలో వచ్చే ఇంకొన్ని గుర్తులనూ దెబ్బలుగా లెక్కపెట్టకూడదు. ఇక్కడ పనికొచ్చే సూత్రం చాలా సులువు: అచ్చులో గీత పడితే నాణెం మీద అది ఉబ్బెత్తుగా వస్తుంది, నాణెం మీదే గీత పడితే లోతుగా ఉంటుంది. అచ్చు పగిలితే నాణెం మీద పాము నడిచినట్టు సన్నటి ఉబ్బెత్తు గీత వస్తుంది. టంకశాలలో అచ్చును మెరుగుపెట్టినప్పుడు వచ్చే గీతలు కూడా ఉబ్బెత్తుగానే ఉండి, బొమ్మ అంచు దగ్గరికి రాగానే ఆగిపోతాయి. బొమ్మ భాగం అచ్చులో లోపలికి ఉంటుంది కాబట్టి మెరుగుపెట్టే రాయి అక్కడికి చేరదు. దీనికి భిన్నంగా, ఎవరో గుడ్డతో రుద్దిన గీతలు లోతుగా ఉండి, నేల మీద నుంచి బొమ్మ మీదికి ఎక్కి దాటిపోతాయి.

## మూడో అడుగు: కొలబద్ద మీద చోటు చూపడం

ప్రపంచమంతటా ఎక్కువగా వాడే 1 నుంచి 70 వరకు కొలబద్దను విలియం షెల్డన్ 1949లో అమెరికా తొలినాళ్ల పెద్ద రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. 1 గ్రేడ్ నాణెం కంటే 70 గ్రేడ్ నాణెం 70 రెట్లు విలువైనదన్నది అప్పటి లెక్క. విలువల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు నిలిచాయి.

- 1–3: ఏ నాణెమో గుర్తుపట్టగలం, అంతే. అక్షరాలు చాలావరకు అంచులో కలిసిపోయి ఉంటాయి.
- గుడ్, 4–6: బొమ్మ రూపురేఖ మాత్రమే, లోపల వివరాలు దాదాపు లేవు. ఏడాది చదవగలం. పేరు చూసి మంచి నాణెం అనుకోకండి, ఇది కొలబద్దలో దాదాపు అడుగు మెట్టే.
- వెరీ గుడ్, 8–10: అక్కడక్కడా వివరాలు, అంచు పూర్తిగా.
- ఫైన్, 12–15: సగం దాకా వివరాలు, అక్షరాలన్నీ స్పష్టంగా.
- వెరీ ఫైన్ (వీఎఫ్), 20–35: పెద్ద వివరాలన్నీ ఉంటాయి, ఎత్తైన చోట్లు చదునై ఉంటాయి.
- ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ (ఎక్స్‌ఎఫ్ లేదా ఈఎఫ్), 40–45: దాదాపు అన్ని వివరాలూ పదునుగా, ఎత్తైన బిందువుల మీదే అరుగుదల. మూలల్లో లస్టర్ ఛాయలు.
- అబౌట్ అన్‌సర్క్యులేటెడ్ (ఏయూ), 50–58: ఎత్తైన బిందువుల మీద రాపిడి జాడ మాత్రమే. 58 దగ్గర లస్టర్ దాదాపు పూర్తిగా ఉంటుంది.
- మింట్ స్టేట్ (ఎంఎస్), 60–70: అరుగుదల ఏమాత్రం లేదు.

మొదట్లోనే వీఎఫ్ 25, వీఎఫ్ 30 మధ్య తేడా చెప్పాలని తాపత్రయపడకండి. ముందు మెట్టు సరిగ్గా పట్టుకోండి. మెట్టు పట్టుకోవడానికి ప్రతి రకం నాణేనికీ కొన్ని గీటురాళ్లుంటాయి. 1909–1958 నాటి లింకన్ సెంట్ బొరుసు మీది గోధుమ కంకులు అలాంటివి. గీతలు దాదాపు పోయి కంకి ఆకారమే మిగిలితే గుడ్, పైభాగంలో సగం గీతలు కనిపిస్తే వెరీ గుడ్, అరిగినా గీతలన్నీ తెలుస్తుంటే ఫైన్. బఫెలో నికెల్‌కు దున్న కొమ్ము ఇలాగే పనికొస్తుంది. మీరు సేకరించే నాణేనికి ఇలాంటి గీటురాయి ఏదో వెతికి పట్టుకోండి.

ప్రూఫ్ అన్నది ఈ కొలబద్దలో మెట్టు కాదు, తయారీ పద్ధతి. మెరుగుపెట్టిన బిళ్లలను మెరుగుపెట్టిన అచ్చులతో, సాధారణంగా ఒకటికంటే ఎక్కువసార్లు కొట్టి వాటిని తయారుచేస్తారు. ప్రూఫ్ నాణెం జేబులో తిరిగి అరిగిపోయినా అది ప్రూఫే, కాకపోతే తక్కువ గ్రేడ్ ప్రూఫ్. కొత్త మామూలు నాణెం ఎంత మెరిసినా ప్రూఫ్ కాదు.

దేశాన్ని బట్టి మాటలూ మారతాయి. బ్రిటిష్ అమ్మకందార్లు ఈఎఫ్ అన్న నాణెం అమెరికన్ లెక్కలో ఏయూకు గానీ, ఒక్కోసారి మింట్ స్టేట్ అడుగుకు గానీ చేరువగా ఉంటుంది. కొనేముందు ఏ కొలబద్దతో చెప్పారో అడిగి తెలుసుకోండి.

## నాలుగో అడుగు: అరుగుదల లేని నాణేల్లో తేడాలు

60 దాటాక అరుగుదల ప్రస్తావనే ఉండదు. అక్కడ చూసేవి నాలుగు: తాకిడి గుర్తులు, లస్టర్, ముద్ర పదును, చూపుకు కలిగే ఆకర్షణ. మోర్గాన్ డాలర్లను 1000 చొప్పున సంచుల్లో పోసి తరలించేవారు. ఒకదానికొకటి తగిలి పడ్డ గాట్లు వాటన్నిటి మీదా ఉంటాయి. వాడకంలోకి వెళ్లకపోయినా గాట్లు ఉండటానికి కారణం అదే.

గాటు ఎంత పెద్దదన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. చెంప మీద, ముఖం ముందున్న ఖాళీ నేల మీద పడ్డ గాటు కంటికి సూటిగా తగులుతుంది. అదే గాటు జుట్టు పాయల్లోనో ఈకల మధ్యో ఉంటే దాగిపోతుంది. చిన్న నాణెం మీద చిన్న గాటు కూడా పెద్దదే. బంగారం మెత్తని లోహం కాబట్టి చిన్న తాకిడికే గుర్తు పడుతుంది.

స్థూలంగా 60–62 అంటే గాట్లు బాగా కనిపిస్తాయి లేదా లస్టర్ మందగించి ఉంటుంది. 63 దగ్గర ఓ మోస్తరు గాట్లు ఉంటాయి. 65 అంటే లస్టర్ నిండుగా ఉండి ముఖ్యమైన చోట్లలో కంటికి తగిలే గాటు లేదు. 70 అంటే 5 రెట్ల భూతద్దంలో, టంకశాల దాటాక వచ్చిన లోపం ఒక్కటీ కనిపించకూడదు. ఏయూ 58 నాణెం చాలాసార్లు ఎంఎస్ 60 కంటే అందంగా ఉంటుంది: చెంప మీద చిరు రాపిడి తప్ప గాట్లు లేనిది ఒకటి, అరుగుదల లేకపోయినా ఒళ్లంతా గాట్లున్నది ఇంకొకటి. కొత్తగా కొనేవారు 58ని చిన్నచూపు చూడకూడదని గట్టిగా చెప్పాలి.

## ఐదో అడుగు: రంగు

రాగికి మూడు తరగతులున్నాయి. అసలు ఎరుపు 95 శాతం లేదా అంతకు మించి నిలిచి ఉంటే రెడ్, 5 శాతం కంటే తక్కువైతే బ్రౌన్, మధ్యలోవి రెడ్ బ్రౌన్. రాగి ఎరుపు ఒకసారి పోతే ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు. గులాబీ ఛాయతో కొట్టొచ్చినట్టు మెరిసే పాత రాగి నాణెం కనిపిస్తే అది ఆమ్లం చూసిందన్నమాట.

రంగూ అరుగుదలా ఒకదానితో ఒకటి పొసగాలి. ఏళ్ల తరబడి చేతులు మారి వీఎఫ్ స్థాయికి అరిగిన వెండి నాణెం బూడిదరంగులో, పల్లపు చోట్ల మరింత నల్లగా, ఎత్తైన చోట్ల కాస్త తేలికగా ఉండాలి. అంత అరిగినది అంతటా ఒకే తెలుపులో మెరుస్తోందంటే దాని చర్మం ఒలిచేశారు. అరిగిన రాగి నాణెం మీద కొత్త నాణెపు ఎరుపు ఉండటం అసలు సాధ్యం కాదు.

వెండి మీద వచ్చే రంగులు గంధకంతో ఏర్పడే పలుచని సల్ఫైడ్ పొరవి. పొర మందం పెరిగే కొద్దీ ముందు లేత పసుపు, తర్వాత ఎరుపు–ఊదా, ఆ తర్వాత నీలం వస్తాయి. సహజంగా పట్టిన రంగులు ఈ వరుసలోనే, ఒకదాంట్లోకి ఒకటి మెల్లగా కరుగుతూ సాగుతాయి. వంచి తిప్పితే వాటి అడుగు నుంచి లస్టర్ కనిపిస్తుంది. మధ్య మెట్లు లేకుండా తెలుపు పక్కనే ముదురు నీలం ఉన్నా, రంగు పైపైన తేలుతున్నట్టున్నా, పాత గాట్ల లోపల కూడా అదే రంగు తాజాగా నిండి ఉన్నా అనుమానించండి. రసాయనాలతో, వేడితో రంగులు పుట్టించి అమ్మేవాళ్లున్నారు.

## ఆరో అడుగు: శుభ్రం చేసిన జాడలు

గ్రేడింగ్ సంస్థలు అంకె ఇవ్వకుండా "డీటెయిల్స్" అని రాసి తిప్పిపంపే నాణేల్లో శుభ్రం చేసినవి చాలా ఉంటాయి. ఎక్స్‌ఎఫ్ వివరాలున్నా శుభ్రం చేసిన నాణేనికి ఎక్స్‌ఎఫ్ ధర రాదు. కాబట్టి ఈ జాడలు పట్టడం ముందు నేర్చుకోండి.

ఖాళీ నేలను దీపం కింద తిప్పుతూ 5 రెట్లతో చూడండి. ఒకే దిశలో, ఒకదాని పక్కన ఒకటిగా సాగే వెంట్రుకలంత సన్నని గీతలు కనిపిస్తే గుడ్డతోనో టూత్‌బ్రష్‌తోనో తోమారని అర్థం. జేబులో తిరిగి వచ్చిన గీతలకు దిశ ఉండదు, ఒక్కొక్కటి ఒక్కో వైపు పోతుంది. తర్వాత దగ్గరదగ్గరగా ఉన్న రెండు అక్షరాల మధ్య చూడండి. తోమిన నాణెంలో గీతలు అక్షరాల పైనుంచి దాటినా మధ్య సందులోకి దిగవు, గుడ్డ దూరని ఆ చోట పాత మసక రంగు లేదా తెల్లటి పాలిష్ పేస్టు గట్టిపడి మిగిలి ఉంటుంది. నేలంతా తెల్లగా, అక్షరాల అడుగు చుట్టూ మాత్రం నల్లటి గీత: ఇంత స్పష్టమైన సాక్ష్యం వేరే అక్కర్లేదు.

ఆమ్లంలో ముంచడం వేరే రకం. గీతలుండవు. మసక పోయి తెల్లగా వస్తుంది. కానీ ప్రతి ముంపులోనూ లస్టర్‌ను ఇచ్చే ఆ పలుచని చాళ్లు కొంత కరుగుతాయి. ఒక్కసారి కొద్ది సెకన్లు ముంచి బాగా కడిగినది గుర్తుపట్టడం కష్టం, చాలామంది దాన్ని ఆమోదిస్తారు కూడా. పదేపదే ముంచినది తెల్లగా ఉంటుంది, జీవం ఉండదు, వెలుగుపట్టీలు తిరగవు. ఇక తీగల బ్రష్ బిగించిన యంత్రంతో తిప్పి దొంగ లస్టర్ తెచ్చిన నాణేల్లో, అక్షరాల ఒక పక్కన నెట్టిన లోహం గట్టులా పోగుపడి ఉంటుంది. భూతద్దంలో ఇది వెంటనే తెలిసిపోతుంది.

మీ దగ్గరున్న నాణేలను మాత్రం తోమకండి. చింతపండు, నిమ్మరసం, వంటసోడా, పళ్లపొడి, లోహపు పాలిష్ ఏదీ వద్దు.

## ఏడో అడుగు: అంచు, చిలుము, ఇతర దెబ్బలు

అంచును విడిగా చుట్టూ తిప్పి చూడాలి. పైభాగం, అంటే గడియారంలో 12 ఉండే చోటు దగ్గర ఆగి చూడండి. నగకు గుచ్చిన నాణేల అతుకు అక్కడే ఉంటుంది: గాడులు కరిగిపోవడం, టంకం వేసిన చోట రంగు మారడం, పూడ్చిన రంధ్రం చుట్టూ సన్నటి వలయం. బంగారు నాణేల్లో ఇది చాలా మామూలు.

ఆకుపచ్చ అంతా ఒకటి కాదు. మెత్తని ప్లాస్టిక్ కవర్లలోని పీవీసీ నుంచి వచ్చేది జిగట పొరలా, అక్షరాల చుట్టూ లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఇది తీయగలం. స్వచ్ఛమైన అసిటోన్ గాజు గిన్నెలో పోసి కొన్ని నిమిషాలు ఉంచి, రెండు మూడుసార్లు కొత్త అసిటోన్ మార్చి, రుద్దకుండా గాలికి ఆరనివ్వాలి. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయాలి. గోళ్ల రంగు తుడిచే ద్రావణం వద్దు, అందులో సువాసనలు, నూనెలు కలుస్తాయి. వెండికీ బంగారానికీ స్వచ్ఛమైన అసిటోన్ నిరపాయం, రాగి విషయంలో ఆచితూచి చేయండి. రాగి మీద గట్టిగా అంటుకున్న చిలుము అంత తేలిగ్గా పోదు, కింద గుంట కూడా పడి ఉండవచ్చు. లేత ఆకుపచ్చ పొడిలా రాలుతూ, తుడిచినా మళ్లీ వచ్చేది ఇంకా ప్రమాదకరం. క్లోరైడ్ల వల్ల లోహం తినుకుపోతోందన్నమాట. అలాంటిదాన్ని పొడి చోట విడిగా పెట్టండి.

## ఎనిమిదో అడుగు: అసలుదేనా?

స్థితి చూడటం పూర్తయ్యాక తూకం, కొలత తప్పనిసరి. మోర్గాన్ డాలర్ 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్లు. బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్ 7.99 గ్రాములు, 22.05 మిల్లీమీటర్లు. అరుగుదలతో బరువు కొంత తగ్గడం సహజం. సావరిన్ 7.94 గ్రాముల కంటే తగ్గితే చట్టం ప్రకారం చెలామణికి పనికిరానిదిగా లెక్కించేవారు. కానీ కొత్తగా కనిపిస్తూ బరువు తగ్గినా, అరిగినట్టు ఉండి బరువు ఎక్కువైనా అనుమానమే. వెండి, బంగారం, రాగి అయస్కాంతానికి అంటుకోవు. అంటుకుంటే నకిలీ. అంటుకోనంత మాత్రాన అసలుదని కాదు.

సాంద్రత పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. నీళ్ల గ్లాసును తూకం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో, అడుగునూ పక్కలనూ తాకకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. కనిపించే అంకెతో నాణెం బరువును భాగించండి. 90 శాతం వెండి నాణేనికి 10.3 దాపుల్లో రావాలి, మోర్గాన్ డాలర్ అయితే తూకం దాదాపు 2.59 చూపుతుంది. అడుగున గాలిబుడగ ఉంటే లెక్క తప్పుతుంది. తర్వాత మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. లస్టర్ నిండుగా ఉన్నవాటికీ ప్రూఫ్‌లకూ ఈ పరీక్ష చేయకపోవడమే మంచిది.

పోతపోసిన నకిలీల మీద అక్షరాల అంచులు గుండ్రంగా, నేల మీద సన్నటి బొడిపెలు, అంచు చుట్టూ అతుకు గీత ఉంటాయి. టంకశాల గుర్తును అతికించిన నాణేలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. 1916 నాటి, డీ (డెన్వర్ టంకశాల) గుర్తున్న అమెరికా డైమ్ (10 సెంట్ల నాణెం) లాంటి అరుదైన వాటిని ఇలా తయారుచేస్తారు. గుర్తు అడుగు అంచును 10 రెట్లతో చూస్తే సన్నటి సందు, జిగురు, రంగు తేడా బయటపడతాయి.

## రాసి పెట్టుకోవడం, సరిచూసుకోవడం

ప్రతి నాణేనికీ బరువు, వ్యాసం, బొమ్మ గ్రేడ్, బొరుసు గ్రేడ్, రంగు, లోపాలు వేర్వేరుగా రాయండి. లోపాల చోటు గడియారం లెక్కలో రాస్తే తర్వాత వెతకడం సులువు: "వీఎఫ్ 30, సహజమైన బూడిదరంగు, బొరుసు అంచు మీద 5 గంటల దగ్గర గాటు". వివరాలకు ఒక గ్రేడ్ ఇచ్చి, శుభ్రం చేసిన సంగతిని విడిగా రాయండి. రెండూ కలిపి "కాస్త తగ్గించి" ఒకే అంకె వేస్తే, ఏడాది తర్వాత ఆ అంకె ఎందుకు వేశారో మీకే అర్థం కాదు.

ఫోటో చూసి కొనేటప్పుడు నిలువుగా తీసిన ఒక్క ఫోటోతో తృప్తిపడకండి. సన్నటి గీతలు అందులో కనిపించవు. దీపం కింద వంచి తిప్పుతున్న వీడియో అడగండి. గ్రేడింగ్ సంస్థ డబ్బాలో మూసి ఉన్న నాణెమైతే దాని మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసి, అక్కడున్న ఫోటోతో గాట్లు, మచ్చలు ఒక్కొక్కటీ పోల్చండి. డబ్బాలకూ నకిలీలున్నాయి.

సాధనకు మంచి మార్గం అలాంటి డబ్బా నాణేలే. ఒకే రకం ఎంచుకోండి. గ్రేడ్ అంకె మీద కాగితం అడ్డుపెట్టి, మీ గ్రేడ్, కారణం రాసి, ఆ తర్వాత కాగితం తీయండి. ఒకటి రెండు తప్పినా పర్వాలేదు, తప్పులన్నీ ఒకే వైపు ఉంటే మాత్రం దానికో కారణం ఉంటుంది. మీ అంకె ఎప్పుడూ ఎక్కువ వస్తుంటే సన్నటి గీతలనో చెంప మీది చిరు రాపిడినో మీ కన్ను దాటవేస్తోంది, దీపం కోణం మార్చి చూడండి. ఎప్పుడూ తక్కువ వస్తుంటే బలహీనమైన ముద్రను అరుగుదలగా లెక్కపెడుతున్నారు, లేదా గ్రేడ్ తేల్చడానికి 10 రెట్ల భూతద్దం వాడుతున్నారు.